'బయటకు' అని రాసిన వరుస

ప్రసూన ముద్ద నోట్లో పెట్టుకున్న ప్రతిసారీ తల్లి ఆమె గొంతు వైపు చూసేది. గొంతు కదిలి, ముద్ద దిగిందని నమ్మకం కుదిరాక గానీ చూపు తిప్పేది కాదు.

"దిగిందా?"

"దిగిందమ్మా."

"మెల్లగా తిను. ఎవరూ తరమడం లేదు."

ముప్పై తొమ్మిదేళ్ల మనిషి, పలుకు కేంద్రంలో పదకొండేళ్లుగా పనిచేస్తున్న ఇంజనీరు, ఇలా గారం చేయించుకోవడానికి కాస్తయినా సిగ్గుపడాలి. ప్రసూన సిగ్గుపడలేదు సరికదా, మధ్యాహ్నం క్యాంటీనులో తినడం మానేసి, రోజూ స్కూటర్ మీద ఇంటికి వచ్చి మరీ తినేది. దానికి కారణం ఉంది.

తల్లి సత్యవేణి టీచరు కాకినాడలో ముప్పైమూడేళ్లు లెక్కలు చెప్పింది. భర్త పోయేనాటికి ప్రసూనకి నాలుగేళ్లు. పొద్దున ట్యూషన్లు, పగలు బడి, సాయంత్రం మళ్లీ ట్యూషన్లు. కంచంలో అన్నం పెట్టి, పైన మూత పెట్టి వెళ్లిపోయేది. కూతురంటే ప్రేమ లేదనడానికి వీల్లేదు. జడ ఏనాడూ వంకర పోలేదు, జ్వరం వస్తే మాత్ర వేళ తప్పలేదు. కాకపోతే పక్కన కూర్చోవడం అనే పనికి ఆవిడ టైమ్‌టేబుల్లో పీరియడ్ లేదు. మూత తీసుకుని, చల్లారిపోయిన పప్పన్నం ఒక్కతే తింటూ పెరిగింది ప్రసూన. పెద్దదయ్యాక కూడా ఆ ఇంట్లో ఇద్దరూ ఎవరి వేళకి వాళ్లు తినేవారు. అలా తినడమే మామూలనుకుంది, అనుకోక చేసేదేముంది.

పద్నాలుగు నెలల కిందట సత్యవేణి టీచరుకి పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ నెల తిరక్కుండానే కుదుటపడ్డాయి, మాట మాత్రం పోయింది. ప్రసూన పనిచేసేది పోయిన మాటలు తిరిగి తెప్పించే చోటే కాబట్టి, తల్లి చెవి వెనక పలుకుబిళ్ళ అతికించడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. ఏడో వారంలో ఆవిడ నోరు విప్పింది. విప్పి అన్న మొదటి మాట, "అన్నం తిన్నావా?"

ప్రసూన ఆ రోజు కేంద్రం వరండాలో నిలబడి ఏడ్చింది. చూసినవాళ్లు అమ్మకి మాట వచ్చినందుకనుకున్నారు. ఆమె ఏడ్చింది ఆ మాట ఏమిటో విన్నందుకు.

పలుకుబిళ్ళ గుండీ అంత ఉంటుంది. దెబ్బతిన్న మెదడుకి, ఫలానా మాట అనాలంటే నాలుక ఇలా తిప్పు, ఊపిరి ఇలా వదులు అని చెవి వెనక నుంచి గుర్తుచేస్తూ ఉంటుంది. మెదడు రోజుకోలా మారుతుంది గనక బిళ్ళలోకి ఎక్కించే కూర్పును ప్రతి పొద్దునా కొత్తగా కట్టాలి. కట్టే యంత్రం పేరు కూర్పరి. పదకొండు నిమిషాలు పడుతుంది. కావలసిన సరుకంతా ఒకచోట దొరకదు. మాటలు రోగివే, పాత ఫోన్ రికార్డుల్లోంచీ పెళ్లి వీడియోల్లోంచీ ఏరి తెస్తారు. నాలుక నడక మాత్రం దాతది. బాగా మాట్లాడే మనిషిని పిలిచి, మూడు వారాలు మాట్లాడించి, మెదడులో ఆ నడక అచ్చు తీసుకుంటారు. ఆ నడక ఇంకేదో లయ మీద ఆధారపడుతుంది, ఆ లయ మరొకదాని మీద. ఇవన్నీ వరసగా రాసిన కాగితాన్ని చిట్టా అంటారు. ఒక్కో వరుస చివర ఒక్క మాట రాయాలి. ఆ ఒక్క మాటతోనే ఈ కథంతా.

సోమవారం పొద్దున కేంద్రం డైరెక్టర్ డాక్టర్ విజయరాజు మీటింగులో కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"పేర్రాజు గారు పోయారు."

పేర్రాజు గారు పిఠాపురంలో పోస్టుమాస్టరుగా చేసి దిగిపోయిన మనిషి. ఆరు వారాల్లో మాట వచ్చిన మనిషి. ఆ తరవాత మెల్లమెల్లగా తిండి తగ్గించేశాడు. మింగలేకపోవడం పక్షవాతం వచ్చినవాళ్లకి ఉండేదే అనుకుని అందరూ ఊరుకున్నారు. గొంతు పరీక్ష చేస్తే ఏ లోపమూ లేదు. ఆయన మింగలేకపోవడం కాదు, మింగనన్నాడు.

బిళ్ళ తిరిగి ఇవ్వడానికి ఆయన కోడలు వచ్చింది. రిజిస్టర్లో సంతకం పెడుతూ, అడక్కుండానే చెప్పుకుపోయింది.

"ఆఖర్లో మావయ్యగారికి అదో పిచ్చయిపోయిందండి. మా పాపని పక్కన కూర్చోపెట్టుకుని, గొంతు మీద వేలేసి చూసేవారు, మింగిందో లేదోనని. ముద్ద ముద్దకీ దిగిందా, దిగిందా అని. తను మాత్రం గింజ ముట్టేవారు కాదు. తింటే అడ్డం పడుద్దనేవారండి."

ప్రసూన చేతిలో ఉన్న బిళ్ళ కింద పడింది.

మధ్యాహ్నం ఇంటికి వెళ్లి తల్లిని తూకం మీద నిలబెట్టింది. జబ్బుకి ముందు యాభై రెండు కిలోలు. ఇప్పుడు నలభై ఒకటి. తల్లి చిక్కుతోందని కొన్నాళ్లుగా తెలుసు. వయసనుకుంది, మందుల వేడనుకుంది. తన పక్కన కూర్చుని తనని చూస్తున్న మనిషి ఏం తింటోందో ఏనాడూ చూడలేదు. ఆవిడ పొద్దున గ్లాసుడు జావ, సాయంత్రం గ్లాసుడు జావ తాగుతోంది. అదీ వడకట్టి.

"అన్నం ఎందుకు తినవమ్మా?"

"అడ్డం పడుతుంది," అంది సత్యవేణి టీచరు, రెండు రెళ్లు నాలుగు అన్నంత తేలిగ్గా. "నువ్వు కూర్చో. నీకు పెడతాను."

తిరిగి కేంద్రానికి వచ్చి ప్రసూన తూకాల రిజిస్టరు ముందేసుకుంది. బిళ్ళ పెట్టుకున్నవాళ్లు మొత్తం నూటఅరవై మూడు మంది. వాళ్లలో బరువు తగ్గినవాళ్లు నలభై ఒక్కరు, పేర్రాజు గారితో కలిపి. ఆ నలభై ఒక్కరికీ దాత ఒక్కరే, నూకరత్నం అనే ఆవిడ. బస్టాండులో మైకులో బస్సుల రాకపోకలు చెప్పే మనిషి. అంత స్పష్టమైన మాట కేంద్రానికి ఎప్పుడూ దొరకలేదని అప్పట్లో పండగ చేసుకున్నారు.

తల్లి మాటల కూర్పుకి పైనుంచి కింద దాకా వంశవృక్షం పరవమని కూర్పరిని అడిగింది. తెర మీద కొమ్మలు విచ్చుకున్నాయి. మాటలు, వాటి కింద నాలుక నడక, దాని కింద ఊపిరి, గొంతు లయ, వాటన్నిటికీ అడుగున 'ర-17'. నూకరత్నం అచ్చులోంచి వచ్చిన ముక్కే, పేరు లేదు, ఉత్త నంబరు. ఆ వరుస చివర 'బయటకు' అని ఉంది. మార్పు ఎవరు చేశారో పక్కనే ఉంటుంది. చెల్లుబోయిన ప్రసూన. కారణం అన్నచోట, 'ఎరుపు పోవడానికి'.

రెండున్నరేళ్ల కిందటి మాట. ఆమెకి ఆ రోజు బాగా గుర్తుంది. మర్నాడు తనిఖీ. కూర్పరి ఎంత కట్టినా కట్టుబడక ఎర్రగా మొరాయిస్తోంది. నాలుక నడక ర-17ని 'లోపల' వాడుకుంటోంది, అది సవ్యమే. గొంతు లయ కూడా దాన్నే చాటుగా వాడుకుంటోంది, తన చిట్టాలో రాసుకోకుండా. పద్ధతి ప్రకారమైతే గొంతు లయ చిట్టాని విప్పి సరిగ్గా రాయాలి. రెండు వారాల పని. అదే 'లోపల'ని కొట్టేసి 'బయటకు' అని రాస్తే, పైనున్న ప్రతి భాగానికీ ర-17 దానంతటదే అందుతుంది, ఎరుపు పోతుంది. కేంద్రంలో అందరూ చేసే పనే అది. దానికి వాళ్లలో వాళ్లు 'తలుపులు తీసెయ్' అని పేరు కూడా పెట్టుకున్నారు. ఎవరి తెర ఎర్రబడినా పక్కసీటువాడు తల తిప్పకుండానే, తలుపులు తీసెయ్ గురూ అనేవాడు. తీసేసి టీకి వెళ్లేవారు. ప్రసూన కూడా ఆ రోజు టీకి వెళ్లింది.

"ఒక్క మాటకా?" అన్నాడు విజయరాజు, ప్రసూన చెప్పిందంతా విని. ఆయన వైద్యుడు, చిట్టాల సంగతి ఆయనకి అంతంత మాత్రం.

"ఒక్క మాటకేనండి. మనింట్లో కార్యానికి వంటమనిషిని పిలుస్తాం. ఆవిడ వంట చేయాలంటే ఇంటి దగ్గర ఆవిడ పిల్లల్ని ఎవరో చూసుకుంటుండాలి. అది ఆవిడ ఏర్పాటు, మనకి తెలియక్కర్లేదు. దాన్ని 'లోపల' అంటాం. 'బయటకు' అని రాస్తే ఆ పిల్లలూ, వాళ్లని చూసేవాళ్లూ అంతా వచ్చి మన హాల్లో కూర్చుంటారు."

"మరి కొన్నిటికి 'కట్టేవరకు' అని రాస్తారుగా?"

"అది బిర్యానీ ఆకు లాంటిదండి. వండేటప్పుడు కావాలి, కంచంలోకి అక్కర్లేదు. దాంతో గొడవ లేదు."

"ఇంతకీ ఆ పదిహేడు ఏమిటి? ఏం వచ్చి కూర్చుంది మనవాళ్ల హాల్లో?"

"తెలీదండి. మనం ఎవరం అడగలేదు."

అడగడానికి మర్నాడు పొద్దున పది గంటలకి ప్రసూన బస్టాండుకి వెళ్లింది. నూకరత్నం మైకు గది విచారణ కౌంటరు వెనక ఉంటుంది. ఒక బల్ల, ఒక ఫ్యాను, అద్దాల కిటికీ. యాభై నాలుగేళ్ల మనిషి, నుదుట పెద్ద బొట్టు, జుట్టు నున్నగా దువ్వి ముడేసుకుంది.

"పలుకు కేంద్రం మేడంగారా? రండమ్మా, కూర్చోండి. రాజమండ్రి బండి చెప్పేసి వత్తాను."

చెప్పింది. ప్రతి వాక్యం చివరా చిన్న ఆగుడు. ఆ ఆగుడులో తల కొంచెం పక్కకి వంచి, వెనక నుంచి ఏదో వినాలన్నట్టు ఉంటోంది. ఆ విరామం వల్లే మాట మాటా విడివిడిగా ముత్యంలా వినిపిస్తుందని, దాతలందరిలో ఆవిణ్ని ఎంచిన కమిటీ రాసింది. కమిటీలో ప్రసూన కూడా ఉంది.

నలభై మంది తిండి మానేశారనీ, అడ్డం పడుతుందని భయపడుతున్నారనీ, పక్కవాళ్ల గొంతు చూస్తున్నారనీ ప్రసూన చెప్పుకుంటూ పోయింది. తన తల్లి సంగతి మాత్రం చెప్పలేదు. నూకరత్నం మైకు మీట సరిగ్గా ఆపి ఉందో లేదో రెండుసార్లు చూసుకుని, అప్పుడు నోరు విప్పింది.

"మాకో పాప ఉండేదండి. ఆరేళ్లు. బడికి సెలవని నాతో తెచ్చుకున్నాను. ఇదిగో, ఈ బల్ల వెనకాలే కూర్చోబెట్టి సపోటా పండు చేతికిచ్చాను. తుని బండి వచ్చింది. చెబుతున్నాను. సగంలో ఉండగా వెనకాల ఏదో చప్పుడైంది. ఎత్తుకున్న మాట పూర్తి చెయ్యడం నాకు అలవాటండి. ఎవరూ చెప్పలేదు, నా అలవాటే. పూర్తి చేసి తిరిగాను."

ఆవిడ మైకు మీట మళ్లీ ఓసారి చూసుకుంది.

"గింజండి," అంది నూకరత్నం.

ప్రసూన చూపు ఆ బల్ల వెనక్కి పోయింది.

"పంతొమ్మిదేళ్లయిందండి. మీ కాగితంలో ఈ రెండేళ్లలో ఇంట్లో చావులేమైనా జరిగాయా అని అడిగారు. లేదని రాశాను. అబద్ధం కాదు కదండి?"

"కాదండి. మేం అడగాల్సింది అడగలేదు."

"అయితే నా మాట పెట్టుకున్న అందరికీ ఎల్లిందాండి, అది?"

"వెళ్లింది. మేం పొరపాటున తలుపు తీసిపెట్టాం. మూసేస్తాం."

నూకరత్నం తల పక్కకి వంచి విన్నది. అంతలో అమలాపురం బండి లోపలికి తిరుగుతూ కనిపిస్తే మైకు మీట నొక్కింది.

రెండు వారాల పని అయిదు రోజుల్లో చేసింది ప్రసూన. గొంతు లయ చిట్టా విప్పి, అది ఏమేం వాడుకుంటోందో దాని చేతే రాయించింది. ర-17 పక్కన 'బయటకు' కొట్టేసి 'లోపల' అని రాసింది. మూసే ముందు విజయరాజు అడిగాడు, మూస్తే ఏమవుతుందని.

"ఇన్నాళ్లూ వాళ్లకి తెలియకుండానే వాళ్ల మెదళ్లు దాని మీద ఆనుకుని ఏవేవో కట్టుకున్నాయండి. ఆనింది తీసేస్తే కొన్ని మాటలు తడబడతాయి. కొన్ని అలవాట్లు పోతాయి."

"ప్రాణం పోదుగా?"

"పోదు."

"మూసెయ్."

మూసింది. మూడో రోజుకి ఒక రిటైర్డ్ లెక్చరరు పెసరట్టు కావాలని ఇంట్లో కేకలేశాడు. ఒకావిడ వారం రోజులు నత్తిగా మాట్లాడి సర్దుకుంది. ఇంకొకాయనకి మనవడి ముద్దుపేరుకి నోరు తిరగడం మానేసింది, అసలు పేరు పెట్టి పిలుస్తున్నాడు. అందరూ తింటున్నారు. తూకాల రిజిస్టర్లో అంకెలు మళ్లీ పైకి లేచాయి. కేంద్రంలో గులాబ్‌జామూన్లు పంచారు.

అలా తింటున్నది ముప్పై తొమ్మిది మంది. నలభయ్యో మనిషి చిట్టాలో ప్రసూన తన చేత్తో ఒక కొత్త వరుస రాసింది. ఏది కావాలో దాన్ని ఎవరి చిట్టాలో వాళ్లే సూటిగా రాసుకోవాలన్నది కూర్పరి నియమం. ర-17 అని, సూటిగా, తల్లి పేరు మీద రాసింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో అంత పద్ధతిగా రాసిన వరుస ఆమె చేతి మీదుగా ఇంకొకటి పోయి ఉండదు. కూర్పరి పచ్చగా వెలిగింది.

చేస్తున్నది తప్పని ఆమెకి తెలుసు. తెలిసి చేసేవాళ్లు వెతుక్కునే సాకులన్నీ వెతుక్కుంది. జావలో పాలపొడి కలిపితే చాలంది. కొన్నాళ్లు పోతే భయాన్ని విడదీసి ప్రేమని ఉంచే దారి దొరుకుతుందంది. మధ్యాహ్నాలు ఖాళీ చేసుకుని దానికోసం కూర్చుంది కూడా. ర-17ని ఎన్ని ముక్కలు చేసి చూసినా ప్రతి ముక్కలోనూ రెండూ ఉండేవి. దిగిందా అని అడగడమే భయం, దిగిందా అని అడగడమే ప్రేమ. ఒంటి గంటకి మాత్రం ఇంటికి వెళ్లేది. కంచం ముందు కూర్చునేది. పక్కన తల్లి కూర్చునేది. ఆ అరగంట కోసం మిగతా రోజంతా నెట్టుకొచ్చేది. తూకం మీద తల్లి ముప్పై తొమ్మిదిన్నరకి వచ్చింది.

సూటిగా రాసుకున్న వరుసకి దాత సంతకం విడిగా ఉండాలి. సంతకం లేకుండానే తొమ్మిది రోజులు నడిపింది. పదో రోజున కాగితం పట్టుకుని మళ్లీ బస్టాండుకి వెళ్లింది. ఈసారి తల్లి సంగతి చెప్పక తప్పలేదు. నూకరత్నం కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మడిచి బ్యాగులో పెట్టుకుంది.

"ఆదివారం నాకు సెలవండి. ఓసారి ఆవిణ్ని చూశాకే పెడతాను."

ఆదివారం మధ్యాహ్నం కాజాల పొట్లంతో వచ్చింది. సత్యవేణి టీచరుకి ఎవరో ఏమిటో చెప్పలేదు, కేంద్రంలో తెలిసినావిడ అని మాత్రం చెప్పింది ప్రసూన. టీచరు పొట్లం అందుకుని, కాజాలు పళ్లెంలో పెట్టి, వేళ్లతో చిదమడం మొదలుపెట్టింది. ఒక్కో కాజానీ చిదిమి, నలిపి, రవ్వ చేసి, పాకం వేళ్లకి అంటుకుంటున్నా పట్టించుకోకుండా మళ్లీ నలిపింది. రవ్వలో గట్టిముక్క ఏమైనా మిగిలిందేమోనని వేలితో వెతికింది. అప్పుడు పళ్లెం కూతురి ముందు పెట్టింది. ఆ చేతుల్నే చూస్తూ కూర్చుంది నూకరత్నం.

"మీరూ తీసుకోండి," అంది టీచరు ఆవిడతో. నూకరత్నం చిటికెడు రవ్వ నోట్లో వేసుకుంది. టీచరు ముందుకు వంగి ఆవిడ గొంతు చూసింది. తల కొంచెం పక్కకి వంచి, ఆగి, అడిగింది.

"దిగిందా?"

నూకరత్నం గొంతు కదిలింది. తలూపింది. కళ్లనిండా నీళ్లున్నాయి, తుడుచుకోలేదు.

"మెల్లగా తినండి. ఎవరూ తరమడం లేదు," అంది టీచరు.

సాగనంపడానికి ప్రసూన గేటు దాకా వచ్చింది. నూకరత్నం చెప్పులేసుకుని కూడా కదల్లేదు.

"మీ అమ్మగారు చూసినట్టు నన్ను ఈ పంతొమ్మిదేళ్లలో ఎవరూ చూళ్లేదండి. నేను తిన్నానో లేదో అడిగినోళ్లే లేరు."

"అయితే సంతకం..."

"పెట్టనండి."

"ఎందుకండి?"

"ఆవిడ చూసింది నన్ను కాదు మేడంగారూ. మిమ్మల్నీ కాదు. మా పాపని. ఆ చూపు నాది. ఆ రోజు చూడాల్సింది చూళ్లేదు గనక ఇప్పుడు రోజూ చూత్తాను. నేను మొయ్యాల్సింది. మీ అమ్మగారు ఏం పాపం చేశారని అది ఆవిడ మెళ్లో ఏసేరు?"

"నేను కావాలని వెయ్యలేదండి."

"మొదట కావాలని ఎయ్యలేదు. ఈ పదిరోజులో?" నూకరత్నం గొంతు పెంచలేదు. అదే స్పష్టమైన మాట, అదే ఆగుడు. "ఆవిడ చేతులు చూశారా? గాజులు మోచేతి దాకా ఎక్కిపోతన్నాయి."

ప్రసూన చూడలేదు. ఆ గాజులు రోజూ తన కంచం పక్కనే ఉంటాయి, అయినా చూడలేదు. గేటు ఊచ పట్టుకుని, ఇంతకాలం ఎవరికీ చెప్పుకోని మాట, పరాయి మనిషి ముందు అనేసింది.

"అది తీసేస్తే మా అమ్మ నా పక్కన కూర్చోదండి."

నూకరత్నం ఆమెని పరకాయించి చూసింది. తిట్టబోతోందనుకుంది ప్రసూన. ఆవిడ తిట్టలేదు, బ్యాగులోంచి సంతకం లేని కాగితం తీసి ఆమె చేతిలో పెట్టింది.

"కూర్చోకపోయినా ఉంటుంది కదండి. పక్కగదిలో ఉన్నా ఉన్నట్టే."

సోమవారం పొద్దున ప్రసూన తల్లి చిట్టా తెరిచి ఆ వరుస కొట్టేసింది. కారణం అన్నచోట ఏం రాయాలో తోచక వేళ్లు మీటల మీద పెట్టి కూర్చుంది. చివరికి 'దాత ఒప్పుకోలేదు' అని రాసింది. అదీ అబద్ధం కాదు. కూర్పరి పదకొండు నిమిషాలు కట్టింది. పచ్చగా వెలిగింది. ఎక్కడా ఏదీ విరగలేదని దాని అర్థం.

రెండ్రోజులు ఏమీ కాలేదు. మూడో రోజు ఒంటి గంటకి ఇల్లు చేరేసరికి సత్యవేణి టీచరు వంటింట్లో నిలబడి, గిన్నెలోంచే పప్పన్నం కలుపుకుని తింటోంది. పెద్ద పెద్ద ముద్దలు.

"ఆకలేసింది, ఆగలేకపోయాను," అంది. వాక్యాల మధ్య విరామం లేదు. గబగబా, కాస్త గరుగ్గా, బోర్డు మీద లెక్క చేస్తూ మాట్లాడే పాత సత్యవేణి టీచరు. "నీకు కంచంలో పెట్టి మూత పెట్టాను. తిను." చెయ్యి కడుక్కుని ముందుగదిలోకి వెళ్లి పేపరు తీసింది.

ప్రసూన మూత తీసింది. తల్లి బతికింది. ఆ మాట తనకి తాను నాలుగైదుసార్లు చెప్పుకుంది. సంతోషంగానే ఉంది, అబద్ధం కాదు. అన్నం మాత్రం నోటికి పోలేదు.

నెల తిరిగేసరికి తూకం నలభై ఆరుకి వచ్చింది. వీధిలో ఇద్దరు పదో తరగతి పిల్లలు లెక్కలు చెప్పించుకోవడానికి వస్తున్నారు. విజయరాజు సత్యవేణి టీచరు ఫొటో తీసి కేంద్రం గోడకి పెట్టించాడు. కేంద్రంలో ఇప్పుడు ఎవరి తెర ఎర్రబడినా ఎవరూ 'తలుపులు తీసెయ్' అనడం లేదు. ప్రసూన అక్కడుంటే అసలే అనరు.

ఒకనాటి మధ్యాహ్నం ప్రసూన తినడానికి కూర్చుంటే తల్లి పేపరు మడిచి, గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఒక సంగతి అడుగుతాను. నాకు జబ్బు చేశాక కొన్నాళ్లు రోజూ నీ పక్కన కూర్చుని, నువ్వు తింటుంటే చూసేదాన్ని. అన్నీ నలిపి పెట్టేదాన్ని. గుర్తుంది నాకు. ఎందుకలా చేశానో మాత్రం ఎంత ఆలోచించినా తట్టడం లేదు."

"జబ్బులో ఉన్నావు కదమ్మా."

"అదే అనుకున్నాను." కాసేపు కూతురి మొహం చూసింది, తప్పెక్కడుందో తెలియని లెక్కని చూసినట్టు. "నీకది బాగుండేదా?"

ప్రసూన అబద్ధం చెబుదామనే అనుకుంది. నోరు వినలేదు.

"బాగుండేది."

"అలా చెప్పు మరి. కూర్చుంటే పోలా."

వచ్చి పక్క కుర్చీలో కూర్చుంది. చేతులు ఒళ్లో పెట్టుకుంది. పరీక్ష హాల్లో ఆఖరి పిల్ల కాగితం ఇచ్చేదాకా కూర్చోవాల్సిన టీచరులా, ఓపిగ్గా, నిటారుగా కూర్చుంది. ఒకసారి గోడ గడియారం వైపు చూసింది. కంచం వైపు ఎప్పుడు చూడాలో తెలియనట్టు ఒకసారి చూసి, మళ్లీ గడియారం చూసింది. మూడింటికి ట్యూషన్ పిల్లలు వస్తారు. ఆవిడ కాలి మడమ నేల మీద మెల్లగా ఆడుతోంది.

ప్రసూన ముద్ద తరవాత ముద్ద గబగబా పెట్టుకుంది. అయిదో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"అయిపోయిందా?" అడిగింది తల్లి.

"అయిపోయిందమ్మా."

"సరే అయితే," అని సత్యవేణి టీచరు వెంటనే లేచింది. కంచంలో సగం అన్నం అలాగే ఉంది. ఆవిడ చూడలేదు.